ఎనిమిది రూపాయల డయోడు కోసం ఆగిన లైను: గాజువాక నుంచి ఒక కేస్ స్టడీ

2025 దీపావళి మర్నాడు. షాపు సగం ఖాళీ, కుర్రాళ్లు ఊళ్ల నుంచి ఇంకా రాలేదు. మెయిలు తెరిస్తే చెన్నై డిస్ట్రిబ్యూటర్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. అక్టోబరు 28న రావాల్సిన రెండు డయోడు రీళ్లు అలొకేషన్‌లోకి వెళ్లాయి, కొత్త తేదీ ఏప్రిల్. రీలుకు మూడు వేల ముక్కలు, ముక్క ఎనిమిది రూపాయలు. ఆ ముక్క లేకపోతే ఆగిపోయే సరుకు మాత్రం రెండు కోట్ల పైచిలుకు.

అలొకేషన్ అంటే ఏమిటో ఈ రంగంలో లేనివాళ్లకు చెప్పాలి. అడిగినవాళ్లందరికీ సరుకు సరిపోనప్పుడు ఎవరికి ఎంతో తయారీ కంపెనీయే పంచుతుంది. పెళ్లిలో గారెలు తక్కువ పడితే ముందు వియ్యాలవారి పంక్తికి వడ్డించినట్టన్నమాట. చిప్పుల పెళ్లిలో వియ్యాలవారు కార్ల కంపెనీలు. మాలాంటివాళ్లది ఆఖరి పంక్తి.

మాది ఆటోనగర్లో అరవై మంది పనిచేసే ఎలక్ట్రానిక్స్ యూనిట్. రొయ్యల చెరువుల ఏరియేటర్లకు, అంటే నీళ్లను చిలికి గాలి ఎక్కించే యంత్రాలకు, కంట్రోలర్లు చేస్తాం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను, రైతుల మాటలో డీఓను, సెన్సరు కొలుస్తుంది. అది పడిపోతే కంట్రోలరు మోటార్లు ఆన్ చేసి రైతు ఫోనుకు మెసేజ్ పంపుతుంది. డీఓ తెల్లవారుజామున అట్టడుగుకు దిగుతుంది, అంటే రైతు గాఢనిద్రలో ఉండే వేళ. ఆ వేళకు పెట్టె పనిచేయకపోతే పొద్దున్నే రొయ్యలు గట్టుకు తేలి కనిపిస్తాయి. నేను ఇక్కడ పదిహేడేళ్లుగా పర్చేజ్ చూస్తున్నాను. ఆగస్టులో భీమవరం డీలరు 1,800 పెట్టెలకు ఆర్డరిచ్చాడు, సంక్రాంతి లోపు అందాలి. వేసవి పంటకు పిల్ల వదిలేది ఆ తర్వాతే.

ఒక్కో బోర్డుకు ఆ డయోడ్లు రెండు. స్టాకులో ఉన్నవి 700. లెక్క వేసుకోవడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు: 350 బోర్డులు, తర్వాత లైను బంద్.

అదేం డయోడు

సెన్సరు చెరువు మధ్యలో ఉంటుంది, పెట్టె గట్టు మీద. మధ్యలో తీగ వంద మీటర్ల దాకా సాగుతుంది. ఆ తీగ మీద కబురు నడిచే పద్ధతి ఆర్ఎస్-485. ఆ పద్ధతిలో తీగల మీది వోల్టేజీ మైనస్ 7 నుంచి ప్లస్ 12 దాకా ఊగినా మామూలే. దాటితే మాత్రం పోటునంతా, అంటే ఒక్కసారిగా ఎగసిన వోల్టేజీనంతా, డయోడు భూమిలోకి తోసేయాలి. గోదావరి జిల్లాల్లో ఏప్రిల్, మే గాలివానల సంగతి తెలిసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. దగ్గర్లో పిడుగు పడితే ఆ వంద మీటర్ల తీగ యాంటెనాలా పనిచేస్తుంది. మా డయోడు అటు 12, ఇటు 7 అని రెండు వేర్వేరు హద్దులు కాసే రకం. మూడు కాళ్లు, సాట్-23 ప్యాకేజీ (పై తొడుగు కొలత), బియ్యపు గింజలో సగం ఉంటుంది.

తీసేస్తే పోలేదా అని మా ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి అడిగాడు. 2018లో ఒక బ్యాచ్‌కు అలాగే తీసేశాం, ఖర్చు తగ్గుతుందని. ఆ వేసవిలో తిరిగొచ్చిన బోర్డులతో స్టోర్సులో నడవడానికి దారి లేకుండా పోయింది.

ఎండీ గారికి విషయం చెప్పాను. ఆయన పేపరు బాగా చదువుతారు. "ఆ డచ్చి కంపెనీ గొడవే కదయ్యా? మన బోర్డులో వాళ్ల సరుకు ఒక్కటీ లేదు. మనకేటి సంబంధం?"

నిజమే, మా బోర్డులో నెక్స్‌పీరియా భాగం ఒక్కటీ లేదు. నాకూ మొదట అర్థం కానిది అదే.

ఎక్కడో గడియ వేస్తే

నెక్స్‌పీరియా నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ కేంద్రంగా నడిచే కంపెనీ, యజమాని చైనాకు చెందిన వింగ్‌టెక్. డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, చిన్న మాస్‌ఫెట్లు, అంటే ఎవరూ పేరు పెట్టి పిలవని సరుకును కోట్ల సంఖ్యలో చేస్తుంది. వింగ్‌టెక్‌ను అమెరికా 2024 డిసెంబరులో తన ఎంటిటీ లిస్టులో, అంటే లైసెన్సు లేనిదే అమెరికా సరుకు అమ్మకూడని కంపెనీల జాబితాలో, పెట్టింది. 2025 సెప్టెంబరు 29న మరో నిబంధన తెచ్చింది: లిస్టులో ఉన్న కంపెనీకి సగం, అంతకు మించి వాటా ఉన్న అనుబంధ సంస్థలకూ అవే ఆంక్షలు. మర్నాడే డచ్చి ప్రభుత్వం 1952 నాటి ఒక చట్టాన్ని దుమ్ము దులిపి నెక్స్‌పీరియా నిర్ణయాలను తన అదుపులోకి తెచ్చుకుంది. అక్టోబరు 4న చైనా తిప్పికొట్టింది. ఆ కంపెనీ చైనా ప్లాంట్ల నుంచి సరుకు బయటికి పోకూడదంది.

ఇక్కడ చిప్పుల పుట్టుక గురించి ఒక మాట. చిప్పుకు రెండు పురుళ్లు. మొదటిది వేఫర్ మీద, అంటే పళ్లెమంత సిలికాన్ బిళ్ల మీద వేలకు వేలు ఒకేసారి తయారవడం. రెండోది ఆ బిళ్లను ముక్కలు కోసి, ఒక్కో ముక్కకు కాళ్లు తొడిగి, నల్లటి ప్లాస్టిక్ చొక్కా వేసి, పరీక్షించడం. దీన్నే ప్యాకేజింగ్ అంటాం. నెక్స్‌పీరియా వేఫర్లు ఎక్కువగా జర్మనీలోని హాంబర్గ్‌లో, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుడతాయి. వాటిలో దాదాపు 70 శాతానికి చొక్కా తొడిగేది చైనాలో, ముఖ్యంగా డాంగ్వాన్‌లో. పుట్టిల్లు యూరప్‌లో ఉన్నా మెట్టినింటి తలుపు మూసుకుంటే పిల్ల బయటికి రాదు. హోండా లాంటి కంపెనీ మెక్సికో ప్లాంటు ఆపి, అమెరికా, కెనడాల్లో ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది.

మా సంగతికి వస్తే, నెక్స్‌పీరియా సరుకు దొరకని కార్ల కంపెనీలు ఊరికే కూర్చోవు కదా. అలాంటి భాగాలే చేసే మిగతావాళ్ల తలుపులు తట్టాయి. మా డయోడు చేసేది ఆ మిగతావాళ్లలో ఒకరు. తప్పు వాళ్లది కాదు కాబట్టి పేరు రాయను. కార్లలో భాగాల మధ్య కబుర్లు మోసే తీగలకు, అంటే క్యాన్ బస్‌కు, కావలి కాసే డయోడ్లూ, మా 485 డయోడూ ఒకే సాట్-23 ప్యాకేజింగ్ లైన్ల మీద నడుస్తాయని, ఆ లైన్ల గంటలన్నీ కార్ల ఆర్డర్లకు పోయాయని డిస్ట్రిబ్యూటర్ ఫోనులో ఒప్పుకున్నాడు. నెక్స్‌పీరియా వాడకపోవడమే మాకు ధైర్యం అనుకున్నాం. వాడేవాళ్లంతా మా క్యూలోకి వచ్చి మా ముందు నిలబడ్డారు.

ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల సామెత చెప్పారు ఎండీ గారు. సామెత సరిపోతుంది గానీ దూడ ఎక్కడ నిలబడిందో దూడకే తెలియకపోవడం నన్ను ఎక్కువ బాధించింది. ఇన్నేళ్ల సర్వీసు ఉన్న పర్చేజ్ మేనేజర్ని నేను.

పై మెట్టు, కింది మెట్టు

ఇదంతా మా బోటి వాళ్లకు సంబంధం లేని వ్యవహారమనే నేను మూడేళ్లు అనుకున్నాను. 2022 అక్టోబరు 7న అమెరికా పెట్టిన నిబంధనల్లో గీతలు స్పష్టంగా ఉన్నాయి. నానోమీటరు అంటే చిప్పు మీది గీతల సన్నదనానికి కొలత. 16, 14 నానోమీటర్లు, ఇంకా చిన్న ఫిన్‌ఫెట్ రకం లాజిక్ (లెక్కలు కట్టే) చిప్పులు, 18 నానోమీటర్లు, అంతకు సన్నని డీర్యామ్ మెమరీ, 128 పొరలు, ఆ పైన ఉన్న నాండ్ మెమరీ: వీటిని తయారుచేసే యంత్రాలు, వాటి సేవలు చైనాకు అందకూడదు. ఏఐకి వాడే పెద్ద చిప్పులు కూడా. పెట్టెకు మెదడులాంటి చిప్పు మైక్రోకంట్రోలరు, మేం వాడేదాని గీతల కొలత పుట్టి ఇరవై ఏళ్లు. మా డయోడుకు నానోమీటర్ల గొడవే లేదు. మనం నేలబారు వాళ్లం, గాలివాన పైకొమ్మలకేనని ధీమాగా ఉన్నాను.

కానీ పై మెట్టు మీద గేటు పెడితే నీళ్లు కింది మెట్టు మీదికి పారాయి. కొత్త తరం యంత్రాలు దొరకని చైనా కంపెనీలు 28 నానోమీటర్లు, అంతకు పెద్ద పాత తరం చిప్పుల్లో పెట్టుబడి కుమ్మరించాయి. 2023, 24ల్లో మాకు దాని రుచి తీయగానే తగిలింది. మేం వాడే మైక్రోకంట్రోలరుకు కాలు కాలు సరిపోయే చైనా చిప్పు సగం ధరకు వచ్చింది. కొన్నాం కూడా. అమెరికా 2025 జనవరి 1 నుంచి చైనా చిప్పుల మీద సుంకం 25 నుంచి 50 శాతానికి పెంచింది. మన దగ్గర చిప్పులకు, డయోడ్లకు కస్టమ్స్ సుంకం సున్నా. 1990ల్లో మనం సంతకం పెట్టిన ఐటీ ఒప్పందం పుణ్యం అది, కట్టేది ఐజీఎస్టీ ఒక్కటే. మన గుమ్మం దగ్గర తలుపు బార్లా తీసే ఉంది. తాళాలన్నీ ఎక్కడెక్కడో ఉన్నాయి, ఏ తాళం చెవి ఎవరి మొలతాడుకు ఉందో మాకు తెలియదు.

ఈ కథలో నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. మా డయోడు మాయమైన ఆ రోజుల్లో ఊరంతా ఒకటే మాట, గూగుల్ డేటా సెంటర్. అక్టోబరు 14న ప్రకటన వచ్చింది, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. అందులో పెట్టే ఏఐ చిప్పులు ఎగుమతి నియంత్రణల్లో పై మెట్టువి. 2025 జనవరిలో అమెరికా తెచ్చిన ఒక నిబంధన ప్రకారమైతే వాటిని మన దేశానికి కోటా లెక్కన ఇచ్చేవారు. మే నెలలో దాన్ని వాళ్లే రద్దు చేశారు. అంటే పై మెట్టు చిప్పులకు విశాఖ దారి తెరుచుకుంది, ఎనిమిది రూపాయల డయోడుకు మూసుకుంది. టీ కొట్టు దగ్గర ఈ మాట అంటే ఎవరూ నమ్మలేదు.

లేబుళ్ల పుస్తకం

మొదటి మూడు రోజులు అందరూ చేసే పనే నేనూ చేశాను. బ్రోకర్లకు ఫోన్లు. ఒకడు ముక్కకు 95 రూపాయలు చెప్పాడు, డబ్బు ముందే కొట్టాలట. 2021 కొరతలో ఇలాగే ఒకడి దగ్గర మైక్రోకంట్రోలర్లు కొన్నాం. పైన ముద్ర కొత్త డేట్ కోడ్, అంటే తయారీ తేదీ గుర్తు. అసిటోన్ ముంచిన దూదితో రుద్దితే నల్లరంగు దూదికి అంటుకుని, కింద వేరే నంబరు బయటపడింది. డబ్బు పోయింది, ఆ టెన్షన్‌కు నాకు బీపీ మందు మొదలైంది. ఈసారి 95 రూపాయలకు కాదు, ఊరికే ఇచ్చినా వద్దన్నాను.

నాలుగో రోజు ఎండీ గారు సూటి ప్రశ్న వేశారు. "సరే, ఈ డయోడు ఒక్కటేనా? రేపు ఇంకేటి ఆగుతుంది?" నా దగ్గర జవాబు లేదు. మా బీఓఎంలో, అంటే బోర్డుకు కావాల్సిన సరుకు జాబితాలో, 96 రకాల భాగాలు, వాటిలో సెమీకండక్టర్లు 38. ప్రతిదానికీ పార్ట్ నంబరు, కంపెనీ, ధర, లీడ్ టైం రాసుకున్నాం. ఎక్కడ పుట్టిందో, ఎక్కడ చొక్కా తొడుక్కుందో రాసుకోలేదు. బిల్లులు చెన్నై నుంచీ సింగపూర్ నుంచీ వస్తాయి. వాటిని బట్టి ఏం తెలుస్తుంది?

జవాబు స్టోర్సులో దొరికింది. స్టోర్సు చూసే అమ్మాయి ఒక పొడవాటి లెడ్జరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "రీలు అయిపోయాక లేబులు పారీలేదు సార్, ఇందులో అతికించీసేను. ఆ దొంగ చిప్పుల గొడవప్పుడు మీరే అన్నారు కదా, ఏదీ పారీకండి అని." అన్న మాట నాకు గుర్తు లేదు. నాలుగేళ్ల లేబుళ్లు, తేదీ వారీగా.

రీలు లేబుల్లో ఉండే సమాచారం బిల్లులో ఉండదు. ఉదాహరణకు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ రీళ్ల మీద 20ఎల్, 21ఎల్, 22ఎల్, 23ఎల్ అని నాలుగు గడులుంటాయి. వేఫర్ తయారైన ప్లాంటు, ఆ దేశం, ప్యాకేజింగ్ జరిగిన ప్లాంటు, ఆ దేశం. కొన్ని కంపెనీలు డిఫ్యూజ్డ్ ఇన్, అసెంబుల్డ్ ఇన్ అని మాటల్లోనే రాస్తాయి. కొన్ని రెండో దేశం ఒక్కటే రాస్తాయి. తొమ్మిది రోజులు కూర్చుని 38 రకాలకూ పట్టిక కట్టాం. చైనా బ్రాండు మూడే. ప్యాకేజింగ్ మాత్రం చైనాలో జరిగినవి 17. మలేసియాలో 8, ఫిలిప్పీన్స్‌లో 4, థాయ్‌లాండ్‌లో 3, తైవాన్‌లో 2. నాలుగింటి జాడ లేబులు చెప్పలేదు. ఆ 17లో అమెరికా, జపాన్, యూరప్ బ్రాండ్లు పద్నాలుగు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆ పట్టిక చూశాక ఒక విషయం తేలిపోయింది. ఇన్నాళ్లూ సెకండ్ సోర్స్ (ఒకరి దగ్గర లేకపోతే ఇచ్చే రెండో కంపెనీ) ఉందని గొప్పగా రాసుకున్న వాటిలో ఆరింటికి మొదటి సోర్సూ రెండో సోర్సూ ఒకే దేశంలో చొక్కా తొడుక్కుంటున్నాయి. బ్రాండ్లు రెండు, ఇరుకు ఒక్కటే.

ఏది ఏ దేశపు చిప్పు అనేది కూడా ఒక రాజకీయమే. 2025 ఏప్రిల్‌లో సుంకాల పోరు ముదిరినప్పుడు చైనా సెమీకండక్టర్ సంఘం ఒక నోటీసు ఇచ్చింది, చిప్పు మూలం ప్యాకేజింగ్ దేశం కాదు, వేఫర్ తయారైన దేశమని. ఆ లెక్కన మలేసియాలో చొక్కా తొడిగిన అమెరికా వేఫర్ అమెరికాదే, చైనా సుంకం దానికీ పడుతుంది. ఒకే చిప్పుకు ఒక్కో సరిహద్దు దగ్గర ఒక్కో ఇంటిపేరు. అందుకే మా పట్టికలో రెండు గడులూ ఉంచాం, ఏదో ఒకటి చాలనుకోలేదు.

ఫారాల బాధ

కొరత మొదటి బాధ అయితే ఫారాలు రెండోది. 2022 తర్వాత రష్యాకు చిప్పులు దొడ్డిదారిన చేరుతున్నాయని అమెరికా, యూరప్ తేల్చాయి. వాళ్లు కలిసి వేసిన ప్రాధాన్య జాబితాలో మొదటి వరసలోనే కస్టమ్స్ కోడ్ 8542 కింద వచ్చే ఐసీలు, అంటే చిప్పులు, ఉన్నాయి. 2024 మార్చి నుంచి యూరప్ ఎగుమతిదారులు ఈ జాబితా సరుకు చాలా దేశాలకు అమ్మేటప్పుడు రష్యాకు తిరిగి పంపకూడదనే షరతు కాంట్రాక్టులో రాయాలి. 2024 అక్టోబరు 30న అమెరికా ఆంక్షల్లో పలు భారతీయ సంస్థల పేర్లు కూడా వచ్చాయి. అప్పటి నుంచి మైక్రోకంట్రోలరు కొనాలంటే ఎండ్ యూజ్ డిక్లరేషన్ (ఎవరు, ఎందుకు వాడతారనే హామీ పత్రం) లేనిదే కొటేషన్ కూడా రావడం లేదు.

ఒకసారి మా ఫారం వెనక్కి వచ్చింది. సింగపూర్‌లో కూర్చున్న కంప్లయన్స్ అమ్మాయికి మా వెబ్‌సైట్‌లో ఒక ఫోటో కనపడింది, ఎప్పుడో ఓడ ఇంజను గది అలారం ప్యానెల్‌కు మేం చేసిన బోర్డు. ఊరేమో విశాఖ. నౌకాదళం, డాక్‌యార్డు, షిప్‌యార్డు అన్నీ ఉన్న ఊరు. ఈ చిప్పు చివరికి ఎవరి చేతికి వెళ్తుందో చెప్పండని అడిగింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకని రాస్తే, రొయ్యలకు మైక్రోకంట్రోలరు ఎందుకని ఇంకో ప్రశ్న. ఆ అమ్మాయి తప్పేం లేదు, సంతకం పెట్టి చిక్కుల్లో పడేది తనే. చెరువు వీడియో ఒకటి తీసి పంపాం, పెట్టె ఆన్ చేస్తే ఏరియేటరు నీళ్లు చిమ్మే వీడియో. రెండు రోజుల్లో క్లియరెన్స్ వచ్చింది. ఆ తర్వాత నుంచి ప్రాజెక్టుకో పీఓ (కొనుగోలు ఆర్డరు) విడిగా వేస్తున్నాను. అన్నీ కలిపి ఒక పీఓలో పెడితే డిస్కౌంటు వస్తుంది, అనుమానం కూడా వస్తుంది.

మిగతా నియంత్రణలు మమ్మల్ని పెద్దగా తాకలేదు. 2023 ఆగస్టు నుంచి చైనా గాలియం, జెర్మేనియం మీద లైసెన్సు పెట్టింది, మా బోర్డులో వాటి పని లేదు. 2025 ఏప్రిల్ 4న ఏడు అరుదైన లోహాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద పెట్టింది. మా రైతుల ఏరియేటర్లు ఇండక్షన్ మోటార్లవి కాబట్టి అయస్కాంతం గొడవ లేదు. అయినా భీమిలి ఇసుకలో ఆ లోహాలుండే ఖనిజం మోనజైట్ ఉన్న ఊరివాళ్లం, ఆ వార్త చదివి ఊరుకోలేం. 2023 మేలో ఇక్కడే ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్ఈఎల్ అయస్కాంతాల ప్లాంటును జాతికి అంకితం చేశారు, ఏడాదికి 3,000 కిలోలు. అవి సమేరియం-కోబాల్ట్ రకం, రక్షణ, అంతరిక్ష అవసరాలకు. ఎలక్ట్రిక్ స్కూటర్ల మోటార్లకు కావాల్సింది నియోడిమియం రకం.

ఏం చేశాం

అటు 12, ఇటు 7 కాసే డయోడు దొరకదు కాబట్టి ఆ డయోడు అవసరమే లేకుండా చేయాలి. మా డిజైన్ ఇంజనీరు ఒక రాత్రంతా డేటాషీట్లు తిరగేసి దారి చూపాడు. కావలివాడు దొరకనప్పుడు ఇంటి గోడ గట్టిదైనా కావాలి. తీగ మీద కబురు పంపి, అందుకునే చిప్పు ట్రాన్స్‌సీవర్. పాత 485 ట్రాన్స్‌సీవర్ తీగ మీద కొద్దిపాటి వోల్టేజీ దాటితేనే చచ్చిపోతుంది. తీగ మీద ప్లస్, మైనస్ 70 వోల్టుల దాకా తట్టుకునే రకం ట్రాన్స్‌సీవర్లు వేరే ఉన్నాయి. అది పెడితే రెండు వైపులా ఒకే హద్దు ఉన్న మామూలు 12 వోల్టుల టీవీఎస్ (పోటును పట్టి ఆపే) డయోడు సరిపోతుంది. అది పోటు సమయంలో దాదాపు 20 వోల్టుల దగ్గర పట్టుకుంటుంది, 70 తట్టుకునేదానికి 20 లెక్క కాదు. ఈ టీవీఎస్ కాస్త లావుపాటిది, ఎస్ఎంబీ ప్యాకేజీ. చేసేవాళ్లు చాలామంది. పట్టిక దగ్గర పెట్టుకుని మూడు దేశాల్లో ప్యాకేజింగ్ జరిగే ముగ్గురిని ఎంచుకున్నాం.

కొత్త ట్రాన్స్‌సీవర్ ఎంచుకోవడంలో ఇంకో ముడి. సెప్టెంబరు 13న చైనా అమెరికా అనలాగ్ చిప్పుల మీద యాంటీ డంపింగ్ (చవగ్గా తెచ్చి కుమ్మరిస్తున్నారనే) విచారణ మొదలుపెట్టింది, ఆ జాబితాలో 485 ఇంటర్‌ఫేస్ చిప్పులు కూడా ఉన్నాయి. అది చైనాలోకి వెళ్లే సరుకు గురించి, మన గురించి కాదు. కానీ ఎవరో తలుపు వేస్తే క్యూ మన గుమ్మం ముందుకు రావచ్చని ఈసారి ముందే తెలుసు. అందుకని బోర్డు మీద ఒకే కొలత ఉన్న రెండు కంపెనీల చిప్పులు పట్టేలా గీయించాం.

బోర్డు గీత మార్చడానికి ఆరు రోజులు, కొత్త బోర్డులు అచ్చయి రావడానికి పన్నెండు. భాగాలు విమానంలో చెన్నైకి, అక్కడి నుంచి కొరియర్లో వచ్చాయి. కిటికీలోంచి చూస్తే గంగవరం పోర్టు క్రేన్లు కనిపించే ఊళ్లో ఉంటూ, నూటయాభై గ్రాముల పొట్లం కోసం కొరియర్ కుర్రాడి బైకు చప్పుడుకు చెవులు రిక్కించడం మా బతుకు. నగరంలోని ల్యాబులో సర్జ్ పరీక్ష, అంటే పోటు తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష, చేయించాం. మొదటిసారి ఫెయిలైంది, డయోడు నుంచి భూమికి వెళ్లే రాగి దారి సన్నగా గీశారు. దాన్ని వెడల్పు చేసి మళ్లీ పెడితే పాసైంది. ఆ తప్పు మాదే, దానికి పది రోజులు పోయాయి.

ఈలోగా నవంబరులో భీమవరం డీలరు ఫోను. "ఏవండీ, మీ పెట్టెల్లో ఓ నాలుగొందలు తగ్గించుకోండి. అమెరికా వాడు యాభై శాతం సుంకం వేశాక రైతులు చెరువులు ఎండబెట్టి కూర్చున్నారండీ. కౌంటు రేటు పడిపోయింది, పంట వేస్తారో లేదో." ఆగస్టు 27 నుంచి అమలైన సుంకం అది. వాషింగ్టన్ నుంచి మా షాపుకు దారి ఒక్కటే అనుకున్నాను, డయోడు దారి. రొయ్య దారి కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఫోను రాగానే నాకు లోపల కాస్త ఊపిరాడింది, నాలుగొందల బోర్డులు తగ్గాయని. తర్వాత సిగ్గేసింది.

లెక్క ఇదీ. పాత డయోడుతో 350. కొత్త బోర్డుతో సంక్రాంతి లోపు 700. మిగిలిన 350 జనవరి 24న లారీ ఎక్కాయి. బోర్డుకు ఖర్చు 46 రూపాయలు పెరిగింది, డిజైన్, పరీక్షలు, విమానం ఖర్చు కలిపితే నాలుగు లక్షల దాకా. నవంబరు 10న అమెరికా ఆ సగం వాటా నిబంధనను ఏడాదిపాటు పక్కన పెట్టింది. చైనా పౌర అవసరాల సరుకుకు మినహాయింపులిచ్చింది. 19న డచ్చి ప్రభుత్వం తన ఉత్తర్వును నిలిపివేసింది. మా డిస్ట్రిబ్యూటర్ తేదీ మాత్రం ఏప్రిల్ నుంచి మార్చికి జరిగింది, అంతే. ఉత్తర్వు ఒక్క రోజులో వెనక్కి పోతుంది, క్యూ పోదు.

ధోలేరా కాదు, మొహాలీ

మా వాళ్లు అడిగే ప్రశ్న: మన దేశంలో అంత డబ్బు పెడుతున్నారు కదా, మనకేం ఒరుగుతుంది? 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్లతో సెమీకండక్టర్ మిషన్ ప్రకటించింది. ఆమోదం పొందిన ప్రాజెక్టుకు ఖర్చులో సగం కేంద్రమే పెడుతుంది, రాష్ట్రాలు ఆ పైన కలుపుతాయి. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా, తైవాన్ పీఎస్ఎంసీ కలిసి కట్టే ఫ్యాబ్, అంటే వేఫర్ల మీద చిప్పులు చేసే ఫ్యాక్టరీ, 91,000 కోట్లది. టీవీలో కనిపించేది అదే.

నాకైతే 2025 ఆగస్టు 12న వచ్చిన చిన్న వార్త ముఖ్యం. ఆ రోజు ఆమోదించిన నాలుగు ప్రాజెక్టులన్నీ కలిపినా 4,600 కోట్లే. అందులో ఒకటి పంజాబ్ మొహాలీలోని సీడీఐఎల్ విస్తరణ. 1960ల నుంచి ట్రాన్సిస్టర్లు చేస్తున్న పాత కంపెనీ. ఏటా 15.8 కోట్ల భాగాలు: మాస్‌ఫెట్లు, ఐజీబీటీలు, షాట్కీ డయోడ్లు, ట్రాన్సిస్టర్లు. మా బోర్డు మీద సగం కొరత ఆ కోవ భాగాలతోనే. ఇంకొకటి మన ఆంధ్రలోనే, ఏఎస్ఐపీ అనే సంస్థ కొరియా ఎపాక్ట్‌తో కలిసి పెట్టే ప్యాకేజింగ్ యూనిట్, ఏటా 9.6 కోట్ల చిప్పులు. ప్యాకేజింగ్‌ను కొందరు స్క్రూడ్రైవర్ పని అని తేలిగ్గా తీసేస్తారు. మా లైను ఆగింది ఆ స్క్రూడ్రైవర్ దగ్గరే. వేఫర్ బయటి నుంచే రావాలి, చిప్పు కాళ్లకు లీడ్‌ఫ్రేములు, చొక్కాకు మోల్డింగ్ కాంపౌండ్ కూడా ఎక్కువగా బయటివే, కాబట్టి స్వయంపోషకం అనే పెద్ద మాట నేను వాడను. కానీ పట్టికలో ప్యాకేజింగ్ దేశం గడిలో ఇండియా అని ఒక్కసారి కూడా రాయలేకపోయిన నాకు, అక్కడ మూడు చోట్ల రాయగలిగితే చాలు.

సబ్సిడీ ఫ్యాబులకు ఇస్తున్నారు, కొత్త దేశీ భాగాన్ని తన బోర్డులో పెట్టి పరీక్షించుకునే చిన్న కంపెనీకి ఇవ్వడం లేదనేది నా ఫిర్యాదు. భాగం మార్చితే డిజైన్, సర్జ్ పరీక్ష, మళ్లీ పరీక్ష. మాకు నాలుగు లక్షలయింది. ధర పది పైసలు తక్కువైనంత మాత్రాన ఆ ఖర్చు భరించి ఎవరు మారతారు? కొనేవాడు మారకపోతే మొహాలీ లైను ఎవరికోసం తిరుగుతుంది?

ఇప్పుడు మా పీఓలో రెండు కొత్త గడులున్నాయి, వేఫర్ దేశం, ప్యాకేజింగ్ దేశం. నలుగురు డిస్ట్రిబ్యూటర్లు నింపి పంపుతున్నారు, ఇద్దరు ఖాళీగా పంపుతున్నారు, ఒకాయన ఇదేం ప్రశ్నండీ అని ఫోను చేశాడు. లెడ్జరు నిండిపోయి స్టోర్సు అమ్మాయి రెండోది మొదలుపెట్టింది, దాని ధర కంపెనీ ఖాతాలో రాయించాను. 38లో 31 భాగాలకు వేరే దేశంలో చొక్కా తొడిగే రెండో సోర్సు దొరికింది. ఏడింటికి దొరకలేదు. వాటిలో పెద్దది ఫోనుకు మెసేజ్ పంపే 4జీ మాడ్యూలు. అది చైనాదే, దాని జాగాలో ఇంకొకటి పెట్టాలంటే బోర్డు మొదటి నుంచీ గీయాలి. బెంగళూరు నుంచి ఒక నమూనా వచ్చే వారం వస్తుందన్నారు.